తునికాకు సీజన్‌లో పాస్టరు ఎక్కడ ఉండాలి?



ఏప్రిల్ వచ్చిందంటే మన ఊళ్లలో ఆదివారం ఆరాధనకు తునికాకు పోటీ వస్తుంది. ఫిబ్రవరి, మార్చిలో కొమ్మ కొట్టిన చోట కొత్త చిగురు లేస్తుంది. ఎండ ముదిరేసరికి ఆకు చేతికొస్తుంది. ఇక అక్కడి నుంచి కొన్ని వారాలు ఊరికి నిద్ర ఉండదు. తెల్లవారుజామున సద్ది కట్టుకొని అడవికి పోవాలి, ఎండ నెత్తికెక్కకముందే మూటతో ఇంటికి చేరాలి, మధ్యాహ్నమంతా కూర్చుని 50 ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టాలి, సాయంత్రం కల్లం కాడ లెక్క అప్పజెప్పాలి. అట్లాంటి కట్టలు 1,000 అయితే ఒక స్టాండర్డ్ బ్యాగు. అంటే 50,000 ఆకులు, ఒక్కొక్కటీ చేత్తో తెంపినవే. మధ్యలో ఒక గాలివాన కొట్టిందా, ఆరబోసిన ఆకు మచ్చలు పడి పాడైపోతుంది. ఆదివారమని ఆకు ఆగదు.

ఈ రోజుల్లో సంఘం సగం ఖాళీగా ఉంటుందని ఇటువైపు పాస్టర్లందరికీ తెలుసు. కూడుకున్నప్పుడల్లా దాని గురించి బాధపడతాం కూడా. కాని పాస్టరే ఆకు తెంపబోతే? ఆ మాట మాత్రం చాటుగానే అనుకుంటాం. నేను, మా ఇంటావిడ ఏటా పోతాం. ఇది దాచిన సంగతి కాదు. మొన్న పెద్దల కూడికలో ఒక పెద్దాయన మాత్రం మనసులోది బయటపెట్టాడు. "అయ్యగారూ, మీరు నెత్తి మీద మూట పెట్టుకొని రోడ్డెంట వస్తుంటే మాకు తల వంచుకున్నట్టు అయితుంది. సేవన్న చేయుండ్రి, పనన్న చేయుండ్రి" అన్నాడు. కోపంతో అన్న మాట కాదది. నా మీద ప్రేమతోనే అన్నాడు. అందుకే దానికి రెండు నిమిషాల్లో జవాబు చెప్పి ఊరుకోకుండా ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా చెప్పాల్సింది, ఇది నా ఒక్కడి సంగతి కాదు. రాయికల్ వైపు నుంచి గోదావరి దాటి జన్నారం పోతే కవ్వాల్ అడవి. 1965లో అభయారణ్యం అయింది, 2012లో పులుల రక్షణకు కేటాయించారు. అక్కడ ఎండాకాలం వస్తే ఒక రకం పని పుడుతుంది. మంటలు పాకకుండా ఫైర్ లైన్లు చేయాలి, ఎక్కడ పొగ లేచినా పరిగెత్తాలి, జంతువుల కోసం కట్టిన తొట్లలో నీళ్లు పోయాలి. వానలు పడితే ఆ పని ఉండదు. ఆ అడవి అంచు గూడేల్లో వాక్యం చెప్పే తమ్ముడొకడు నాలుగు నెలలు ఆ కూలికి పోతాడు, మిగతా ఎనిమిది నెలలు సైకిల్ మీద గూడెం గూడెం తిరుగుతాడు. సిరిసిల్లలో నాకు తెలిసిన సేవకుడొకాయన సాంచాల మీద పనిచేస్తాడు. 2017లో బతుకమ్మ చీరల ఆర్డరు మొదలైనప్పటి నుంచి పండుగకు ముందు నెలల్లో అక్కడ పగలూ రాత్రీ సాంచాలు నడిచేవి. పాస్టరు బతుకమ్మ చీర నేయడమేంటని కొందరు ముక్కున వేలేసుకున్నారు. ఆయన నవ్వి "చీరకు మతం లేదు, కూలికీ లేదు" అన్నాడు. ఆ ఆర్డర్లు ఆగి 2024లో సిరిసిల్ల మూగబోయినప్పుడు, పని లేని ఇళ్లకు పోయి కూర్చోవడానికి ఆయనకు పరిచయం అక్కర్లేకపోయింది. ఆయన ఇంట్లోనూ పొయ్యి అట్లాగే ఉంది కాబట్టి.

కోరుట్లలో సంగతి ఇంకో తీరు. అక్కడ చాలా ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చేస్తారు. చాట ఒళ్లో పెట్టుకొని, కత్తెర చేతిలో పట్టుకొని, పక్కన ఫోన్‌లో వాక్యం పెట్టుకొని వింటారు. అటువంటి ఇంటికి ప్రార్థనకు పోతే "చాట పక్కన పెట్టమ్మా" అని అనే ధైర్యం నాకు ఎన్నడూ రాలేదు. వెయ్యి బీడీల లెక్క పూర్తి కాకపోతే ఆ రోజు కూలి తగ్గుతుంది. మా ఇంటావిడ కూడా పెళ్లికి ముందు నుంచీ బీడీలు చేసిన మనిషే. పాస్టరు ఆకుకు పోతే అందరికీ కనబడుతుంది. పాస్టరమ్మ ఇన్నేళ్లు బీడీలు చేసి పిల్లల ఫీజులు కడితే ఎవ్వరి తలా వంగలేదు. ఇది కూడా ఒకసారి ఆలోచించండి.

ఇప్పుడు వాక్యంలోకి పోదాం. సీజన్ పని అనగానే మనందరి నోటికీ పౌలు డేరాల సంగతే వస్తుంది. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం. కొరింథులో అకుల, ప్రిస్కిల్ల అనే భార్యాభర్తల ఇంట్లో ఉండి, వాళ్ల వృత్తీ తన వృత్తీ ఒకటే కాబట్టి వాళ్లతో కలిసి డేరాలు కుట్టాడు. ఇంతవరకు అందరం చెప్తాం. కాని అక్కడే ఆగిపోతాం. కొంచెం ముందుకు, 5వ వచనం దాకా చదవండి. మాసిదోనియ నుంచి సీల, తిమోతి వచ్చిన తరువాత పౌలు వాక్యం చెప్పడంలోనే పూర్తిగా మునిగిపోయినట్టు అక్కడ కనిపిస్తుంది. ఎందుకు మారింది? 2 కొరింథీ 11:9 పక్కన పెట్టి చదివితే అర్థమవుతుంది. మాసిదోనియ నుంచి వచ్చిన సహోదరులు ఆయన అక్కర తీర్చారు. సాయం రాకముందు వారమంతా సూది, విశ్రాంతి దినాన సమాజమందిరం. సాయం వచ్చాక రోజంతా వాక్యం. థెస్సలొనీకలో రాత్రింబగళ్లు కష్టపడ్డానని ఆయనే రాసుకున్నాడు, అదే ఊళ్లో ఉండగా ఫిలిప్పీ సంఘం ఒకటి రెండుసార్లు సాయం పంపిందని కూడా ఆయనే రాసుకున్నాడు. కాబట్టి పౌలు పని చేసే సేవకుడా, కానుకల మీద బతికే సేవకుడా అని అడిగితే, రెండూ. కాలాన్ని బట్టి. సేవన్న చేయాలి, పనన్న చేయాలి అనే గీత ఆయన జీవితంలో నాకు కనబడలేదు.

సువార్త చెప్పేవాడు సువార్త వలన బతకాలని ప్రభువే నియమించాడని రాసింది కూడా ఈ పౌలే, 1 కొరింథీ 9లో. అది హక్కు. ఆ హక్కును నేను వాడుకోలేదని అదే చోట అన్నాడు. మన దగ్గర ఒక ఇబ్బంది ఉంది. ఈ అధ్యాయంలో మొదటి సగం పాస్టర్లు చెప్తారు, రెండో సగం సంఘస్తులు చెప్తారు. ఎవరికి కావాల్సింది వాళ్లు.

నాకు ఇంకా ముఖ్యంగా తోచేది నెహెమ్యా 13. నెహెమ్యా కొంతకాలం రాజు దగ్గరికి పోయి తిరిగొచ్చేసరికి మందిరంలో లేవీయులు లేరు, పాటలు పాడేవాళ్లు లేరు. అందరూ ఎవరి పొలాలకు వాళ్లు వెళ్లిపోయారు, వాళ్లకు రావాల్సిన వంతు రాలేదు కాబట్టి. అప్పుడు నెహెమ్యా ఎవరిని గద్దించాడో చూడండి. పొలంలో నాగలి పట్టిన లేవీయుణ్ణి కాదు, అధికారులను. మందిరం ఎందుకు ఇట్లా పాడుపడిందని వాళ్లను నిలదీశాడు. ఆ తర్వాత పదో వంతు కొట్లలోకి వచ్చింది, లేవీయులు తిరిగొచ్చారు. సంఘాన్ని కుట్టడానికి ఈ మాట అనడం లేదు. మన సంఘం సంగతి నాకు తెలుసు. కానుక పెట్టెలో పడే పది రూపాయల నోటు ఏ కట్టల లెక్కలోంచి వచ్చిందో నాకు తెలుసు. దోర్నకల్ బిషప్ అజరయ్య గారి కాలంలో సంఘాల్లో ఆడవాళ్లు అన్నం వండే ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టేవాళ్లు. ఆ పిడికిళ్లతో సంఘాలు నిలబడ్డాయి. 1912లో బిషప్ అయిన ఆయన, తెల్లదొరల డబ్బు మీద కాక తమ పిడికిలి మీద నిలబడే సంఘం కావాలని అడిగింది కూలి చేసుకునే వాళ్లనే. మన దగ్గర కూడా ఆ పిడికెడు ఇచ్చేది పెద్ద ఇళ్లు కాదు. నేను చెప్పదలచుకున్నది ఒకటే. పాస్టరు ఆకుకు పోవడం చూసి తల వంచుకోవాలంటే, ఆ తల వంచడంలో పాస్టరు వంతు ఎంత, మిగతావాళ్ల వంతు ఎంత అన్నది కూడా లెక్క వేయాలి.

ఈ గొడవ మన జగిత్యాలలో పుట్టింది కాదు. విలియం కేరీ పేరు మీరందరూ విన్నదే. 1793లో బెంగాల్‌కు వచ్చాడు, చేతిలో పైసలు అయిపోయాయి, ఇంటినిండా జబ్బులు. 1794లో ముద్నాబాటి అనే ఊళ్లో నీలిమందు ఫ్యాక్టరీ చూసుకునే పనిలో చేరాడు. నీలిమందు కూడా తునికాకులాగే సీజన్ పంట. వానాకాలంలో కొన్ని నెలలు ఊపిరాడని పని, ఆ తర్వాత తీరిక. ఆ తీరికలో ఊళ్లు తిరిగి వాక్యం చెప్పాడు, బెంగాలీ నేర్చుకున్నాడు, తర్జుమా మొదలుపెట్టాడు. నాకు జీతం వస్తోంది, ఇక మీ డబ్బు నాకు అక్కర్లేదని ఇంగ్లండులోని సొసైటీకి రాశాడు. వాళ్లు సంతోషించారా? లోకపు వ్యాపారంలో పడి ఆత్మీయ వేడి చల్లారిపోతుందేమో చూసుకో అని జాగ్రత్త చెప్పి పంపారు. మన పెద్దాయన మాట, రెండు వందల ఏళ్ల ముందు, ఇంగ్లీషులో! 1800లో కేరీ శ్రీరాంపూర్ చేరాడు. అక్కడి నుంచే 1818లో తెలుగు కొత్త నిబంధన అచ్చయి వచ్చింది. నీలిమందు తొట్ల దగ్గర నిలబడ్డ మనిషి కష్టం మన భాష దాకా వచ్చింది.

యోహాను 21 గురించి ఒక మాట. పునరుత్థానం తర్వాత పేతురు చేపలకు పోతానంటే మిగతావాళ్లూ వెంట పోయారు. దీన్ని చాలామంది ప్రసంగికులు పేతురు వెనకబడిపోయాడని చెప్తారు. వాక్యంలో ఆ మాట లేదు. ప్రభువు ఒడ్డున నిప్పులు చేసి, చేపలు, రొట్టె పెట్టి పిలిచాడు. వల ఎందుకు పట్టావని అడగలేదు, ఇంకా కొన్ని చేపలు తెమ్మన్నాడు. పైగా 153 చేపలని లెక్క రాసి ఉంది. అంటే ఎవరో కూర్చుని లెక్కపెట్టారన్నమాట. సాయంత్రం కల్లం కాడ నిలబడ్డవాళ్లకు ఆ వచనం తొందరగా అర్థమవుతుంది.

ఇక ఎదురు ప్రశ్నలు. అన్నిటికంటే గట్టిది యూత్‌లో ఒక తమ్ముడు అడిగాడు. "పొగ తాగొద్దని చెప్పే పాస్టరు బీడీ ఆకు ఎట్ల తెంపుతడు?" ఈ ప్రశ్నను పక్కకు తోసేయలేను. పొగాకు మనుషులను చంపుతుంది. మన ఊళ్లోనే దగ్గి దగ్గి పోయినవాళ్లను నేనే మట్టి చేశాను. పొగ మానుమని చెప్పడం నేను మానను. కాని ఆకు డబ్బు నా చేతికి మలినమైతే, కోరుట్ల అక్క కానుక పళ్లెంలో వేసే బీడీ కూలి కూడా మలినమే కావాలి. ఆ పళ్లెం ఎత్తి ప్రార్థన చేసి, ఆకు మాత్రం ముట్టను అంటే అది శుభ్రత కాదు, పని మురికి ఆమెకు వదిలి పైసలు నేను తీసుకోవడం. బీడీ పోయి ఆ ఇళ్లకు వేరే పని దొరికే రోజు రావాలని అడుగుతున్నాను. ఆ రోజు వచ్చేదాకా వాళ్లు నిలబడ్డ చోటనే నేనూ నిలబడతాను. తమ్ముడికి ఇది పూర్తి జవాబుగా తోచకపోవచ్చు. నాకూ పూర్తిగా తోచదు.

రెండోది అధికారం. కల్లం కాడ లెక్క చూసే పని నాకు ఇస్తామని అడిగినవాళ్లు ఉన్నారు. చదువుకున్నవాడు, నమ్మకస్తుడు అని. నీడన కూర్చునే పని, పైసలు కూడా ఎక్కువ. నేను వద్దన్నాను, తోటి సేవకులు కూడా వద్దనాలనే నా అభిప్రాయం. కట్టలో ఆకు తక్కువుందని పక్కకు నెట్టడం, వందకు ఇన్ని కట్టలు కొసరు అడగడం ఆ కుర్చీకి అలవాటైన పనులు. ఆ కుర్చీలో కూర్చుని సాయంత్రం ఒక తల్లి కట్టలు తీసేసి, ఆదివారం ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయలేం. పాస్టరు పనికి పోతే తెంపేవాళ్ల వరసలోనే ఉండాలి. భూమి కౌలు, వడ్డీ, గల్ఫ్ వీసాల మధ్యవర్తిత్వం లాంటివి కూడా ఈ లెక్కలోకే వస్తాయి. మన జగిత్యాల, కోరుట్ల వైపు వీసా పేరు మీద మునిగిన ఇళ్లు ఎన్నో మీకు నేను చెప్పక్కర్లేదు. సంఘస్తుడి కష్టంలోంచి పాస్టరుకు కమీషన్ వచ్చే పని ఏదైనా సరే, అది డేరాల పని కాదు.

మూడోది సమయం. ఇక్కడ నిర్గమకాండము 34:21 నన్ను పట్టుకుంటుంది. ఆరు రోజులు పని, ఏడో రోజు విశ్రాంతి అన్నది అందరికీ తెలిసిన ఆజ్ఞ. ఈ వచనంలో మాత్రం దున్నే కాలంలోనూ కోత కాలంలోనూ విశ్రమించాలని ప్రత్యేకంగా ఉంది. దేవునికి రైతు సంగతి తెలుసు! తీరిక ఉన్నప్పుడు ఎవరైనా విశ్రమిస్తారు. కోత మీద ఉన్నప్పుడు ఆగడమే కష్టం. అందుకని సీజన్ ఎంత పొట్టిదైనా ఆదివారం నేను, మా ఇంటావిడ అడవికి పోము. ఆ రోజు ఆకు పోతే పోయింది. ఇది నేను నా మీద పెట్టుకున్న నియమం. మొగుడు దుబాయిలో జీతం లేక ఇరుక్కుంటే ముగ్గురు పిల్లలతో ఇక్కడ ఆకు తెంపే చెల్లె మీద ఇదే బరువు పెట్టను. ఆమె ఆదివారం అడవికి పోయిందని సంఘంలో ఎవరూ ఒక మాట అనొద్దు. నిర్గమకాండము 23:12 చూస్తే విశ్రాంతి యజమాని కోసమే కాదు, దాసి కొడుకు కోసం, పరదేశి కోసం కూడా ఇచ్చింది. ఆ లెక్కన మనం అడగాల్సింది ఆమెను కాదు, కల్లం నడిపేవాళ్లను. వారానికి ఒక పూట కల్లం మూస్తే అందరి నడుములకూ విశ్రాంతి. ఊళ్లో హిందువులు, ముస్లింలు, మనం కలిసి అడిగితే కాదనే విషయమేమీ కాదది. ఏ రోజు మూస్తారన్నది కూడా నాకు పట్టింపు లేదు.

ఆమోసు మేడిపండ్ల పని చేసేవాడు, పశువులు కాసేవాడు. అదీ కాలం వస్తే చేసే పనే. బేతేలులో యాజకుడు వెళ్లిపొమ్మంటే ఆయన తన పని పేరు చెప్పుకున్నాడు, దాచలేదు. దాచకపోవడం అనేది మన సేవకులు నేర్చుకోవాల్సింది. కొందరు రాత్రిపూట ఆటో నడిపి పొద్దున ఫుల్‌టైం సేవ అని చెప్పుకుంటారు, పట్నంలో ఎవరైనా సాయం చేసేవాళ్లు ఉంటే వాళ్లకు తెలిస్తే ఆపేస్తారని భయం. ఆ భయం అర్థమవుతుంది. కాని చెప్పకుండా చేసే పని రోజు రోజుకూ మనిషిని తినేస్తుంది.

కాబట్టి ఈ సీజన్‌కు నేను అనుకున్నది ఇది. ఇంకా పెద్దలతో మాట్లాడి ఖాయం చేయాల్సి ఉంది. సీజన్ ముగిశాక కానుకల లెక్కతో పాటు మా ఇద్దరి ఆకు డబ్బు లెక్క కూడా పెద్దల ముందు పెడతాను. దాన్ని చూసి, వానాకాలంలో ఎన్ని నెలలు సంఘం నన్ను పోషించగలదో వాళ్లు చెప్పాలి. ఎన్ని నెలలకు సరిపోతే అన్ని నెలలు నేను ఏ కూలికీ పోకుండా ఊళ్లు తిరుగుతాను. మూడు నెలలంటే మూడు, ఒకటంటే ఒకటి.

ఆరాధన సీజన్ అయ్యేదాకా ఆదివారం రాత్రి 8 గంటలకు. కల్లం పని అప్పటికి తెముల్తుంది. స్నానం చేసే టైం దొరకకపోతే అట్లాగే రండి, ఆకు పసరు చేతులతో పాట పుస్తకం పట్టుకుంటే అది నల్లబడుతుంది, అంతే కదా. ప్రసంగం ఇరవై నిమిషాలు దాటనివ్వను. కునికిపాట్లు పడేవాళ్లను లేపొద్దు. అర్ధరాత్రి దాకా పౌలు చెప్తుంటే కిటికీలోంచి పడ్డ ఐతుకు సంగతి గుర్తుంది కదా, కిటికీ దగ్గర మాత్రం కూర్చోకండి. వీబీఎస్ ఈసారి మే నెలలో పెట్టడం లేదు. పిల్లలు తల్లుల వెంట కట్టలు కడుతుంటారు. జూన్ మొదటి వారంలో, 12న బడులు తెరవకముందే ఐదు రోజులు పెడదాం. పొద్దున పదకొండు దాకా అడవిలో నాకు సిగ్నల్ అందదు. ఆ లోపు ఎవరికి బాగాలేకపోయినా, ఎవరి ఇంట్లో దుఃఖం వచ్చినా, ఊళ్లో ఉండే ఇద్దరు పెద్దల నంబర్లు మందిరం తలుపు మీద రాసి ఉంచుతాను. వాళ్లు ముందు మీ ఇంటికి వస్తారు, నేను మూట దించి వెంటనే వస్తాను.